అంచులు కోసిన ఐర్లండు పుస్తకాలు

మా అన్నయ్య విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు చదివేవాడు. సెలవులకు నరసరావుపేట పక్కనున్న మా ఊరొస్తే వాడి పెట్టెలో బట్టలు తక్కువ, ఐర్లండు పుస్తకాలు ఎక్కువ. సాయంత్రం అమ్మ మిరపకాయల తొడిమలు తీస్తుంటే పక్కన చేరి ఆ కథలు తెలుగులో చెప్పేవాడు. అమ్మకు అక్షరం ముక్క రాదు, నోరు మాత్రం ఊరుకునేది కాదు.

"శిస్తు కట్టలేదని కొంపలోంచి గెంటుతాడా? ఆడి నోట్లో మన్నుబడ!" అందొకసారి, కథలోని జమీందారుని. వాడు పడీపడీ నవ్వి, ఆ మాట పెన్సిలుతో పుట అంచున రాసుకున్నాడు. అలా ప్రతి పుస్తకం నిండా అమ్మ మాటలే.

ఒక వేసవిలో వాడు టైఫాయిడ్‌తో పోయాడు. ఇల్లు ఇల్లులా లేదు.

కర్మలయ్యాక వాడి మాస్టారు వచ్చారు. యుద్ధంతో ఓడలు ఆగిపోయి ఆ పుస్తకాలు ఇక దొరకడం లేదట. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఐర్లండు సాహిత్యానికి విడిగా బీరువా పెడతామని, దాతలు కావాలని, వాడి పుస్తకాలిస్తే వాడి పేరే పెడతామని అన్నారు.

"ఆ ఐర్లండోళ్ళెవురు మాస్టారూ?" అని అరుగు మీది రైతులు అడిగారు.

"మనలాంటి సేద్యగాళ్ళే. వాళ్ళనీ ఇంగ్లీషువాడే ఏలాడు."

"అట్టయితే మేమూ ఏస్తాం." ఇంగ్లీషు మొహం చూడనివాళ్ళు తలా కాస్త చందా వేశారు. అమ్మ కూడా ఒప్పుకుంది. "ఆడి రాత నలుగురూ చూత్తారు గదే" అంది నాతో.

మా నాన్నకు పరువంటే ప్రాణం. మాసిన వస్తువు దానమివ్వడం ఆయనకు తలవంపులు. మాకు చెప్పకుండా పుస్తకాలు మూటగట్టి, పేటలో కోర్టు కాగితాలు బైండు చేసే సాయిబు దగ్గరకు తీసుకెళ్ళాడు. అంచులు చానా మాసినయ్యి, నున్నగా కోసేదా అని సాయిబు అడిగితే, కొయ్యమన్నాడు. ఆ పరువు మీద నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఎర్ర అట్టలతో, వెనక బంగారు అక్షరాల్లో అన్నయ్య పేరుతో పుస్తకాలు తిరిగొచ్చాయి. "సూడు, పెళ్ళికొడుకుల్లా ఉన్నయ్యి" అంటూ అమ్మ ముందు పెట్టాడు.

అమ్మ పుట తిప్పింది. ఇంకొకటి తిప్పింది. "ఏమే, ఆడి రాతేదే?"

నేను చూశాను. "అమ్మ ఏమందంటే" అన్నంతవరకే ఉంది. ఆ తర్వాతదంతా కత్తికి పోయింది. ఏ పుట చూసినా అంతే.

"పిచ్చిగీతలనుకున్నానే" అని నాన్న కూలబడ్డాడు. మర్నాడే పేటకు పరుగెత్తాడు. కోసిన ముక్కలు బంక కాచే పొయ్యిలో వేశారట. ఉత్త చేతులతో వచ్చి, కొడుకు పోయిననాడు కూడా ఏడవని మనిషి వాకిట్లో నిలబడి బావురుమన్నాడు.

 అమ్మ ఒక పుస్తకం తెరిచి నా ఒళ్ళో పెట్టి, కోసిన అంచు మీద వేలుంచి అడిగింది.

"నేనేమన్నానే ఇక్కడ?"

"నాకు తెలీదమ్మా."

"నాకూ గుర్తులేదే. చెవొగ్గి ఇన్నది ఆడొక్కడే గదా."