కొండవైపు నిన్న, ఓడవైపు రేపు

మొన్న ఆదివారం పొద్దున్నే, కుళాయిలో నీళ్ళు వచ్చే వేళకు, హాడోలో మా పుట్టింటి పక్కింటి పిన్నమ్మ పోయింది. కబురు విన్నవాళ్ళు బిందెలు కుళాయి కిందే వదిలేసి పరుగెత్తారు. వానలు ఆగాక మా దీవిలో నీళ్ళు రోజూ రావు, బిందె వదిలి కదలడమంటే ఇక్కడ మామూలు సంగతి కాదు. నేను డెలానీపూర్ నుంచి వెళ్ళేసరికి ఆవిడ ఇంటి ముందు తీగ మీద మట్టిరంగు స్వెటర్ వేలాడుతోంది. డిసెంబరు రాగానే దాన్ని పెట్టెలోంచి తీసి ఎండలో వెయ్యడం ఆవిడ అలవాటు. ఈ ఏడూ వేసింది, తీసుకోలేదు.

నిజానికి పిన్నమ్మ మాకు చుట్టం కాదు. వాళ్ళు గోదావరి వైపు నుంచి వచ్చిన క్రైస్తవులు. మేము ఉత్తరాంధ్ర తీరం నుంచి వలలు చంకన పెట్టుకుని ఓడెక్కిన వాళ్ళం, ఇంట్లో గంగమ్మకు మొక్కుకునేవాళ్ళం. ఆవిడ భర్త బాబాయికి రేవులో క్రేను మీద పని, మా నాన్నకు సముద్రం మీద. నాన్న ఆవిడను అప్పా అని, అంటే అక్కా అని, పిలిచేవాడు. ఆ లెక్కన నేను అత్తా అనాలి. కానీ మా ఇళ్ళ లైనులో పిల్లలందరూ పిన్నమ్మే అంటుంటే నేనూ అదే అన్నాను. వరసలన్నీ ఓడలో కలిసిపోయాయని నాన్న నవ్వేవాడు. మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఇవతల కని అవతల పెంచాను దీన్ని అని మా అమ్మ నన్ను దెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు.

మెయిన్‌ల్యాండులో ఉన్న మీకు చలికాలమంటే చలి. మాకు చలికాలమంటే వాన ఆగిన కాలం, అంతే. సాయంత్రం కాకుండానే చీకటి పడుతుంది, బట్టలు ఆరతాయి, గోడల మీద నాచు ఎండి రాలుతుంది. రేడియోలో ఢిల్లీ పొగమంచు కబుర్లు వింటూ ఇక్కడ విసనకర్రలు ఊపుకుంటాం. అలాంటి ఊళ్ళో పిన్నమ్మ డిసెంబరు రాగానే ఫ్యాను ఆపేసేది. క్రిస్మస్ వెళ్ళేదాకా మళ్ళీ వేసేది కాదు. మధ్యాహ్నం చేపల కూర ఇవ్వడానికి వెళ్ళిన నాన్న తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "సలెక్కడుందప్పా? సొక్కా పిండితే సెంబుడు నీళ్ళొస్తాయి" అనేవాడు.

"వస్తుంది తమ్ముడూ. ఫ్యాను వేస్తే అలిగి పోతుంది. కాస్త చోటిస్తేనే కదా వచ్చేది?" అనేది ఆవిడ, నుదుటి మీద చెమట బొట్లతో.

సాయంత్రం ప్రార్థనకు ఆ స్వెటర్ వేసుకుని వెళ్ళేది. దారిలో అందరూ నవ్వేవారు, నేను కూడా. వాళ్ళ ఊళ్ళో క్రిస్మస్ ముందు మంచులో లాంతర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడేవారట. ఆ మంచును ఎలాగూ ఓడలో తెచ్చుకోలేక స్వెటర్ తెచ్చుకుంది పాపం. ఆ సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. తట్టాక మాత్రం నవ్వలేదు.

ఇక క్రిస్మస్ డ్రామా. చర్చిని ఇక్కడ గుడి అనే అంటాం, ఆ గుడిలో పిల్లల చేత తెలుగులో డ్రామా వేయించడం పిన్నమ్మ పని. గంగమ్మ ఇంటి పిల్లనని చూడకుండా నాకూ వేషమిచ్చింది. గొర్రెల కాపరులు మంట చుట్టూ కూర్చుని వణకాలి. మాకు వణకడం రాదు. ఎలా వస్తుంది, ఎప్పుడైనా వణికితే కదా. జ్వరమొచ్చినవాడిలా ఒకడు, దయ్యం పట్టినదానిలా ఒకతె ఊగుతుంటే చూసి చూసి, ఆవిడ మమ్మల్నందరినీ జెట్టీ దగ్గరి ఐసు ఫ్యాక్టరీకి తోలుకెళ్ళింది. చేపల కోసం ఐసు తీస్తున్న నాన్న చేత తలుపు తీయించి, లోపల నిలబెట్టి, "ఇప్పుడు మీ పళ్ళు ఏం చేస్తున్నాయో గుర్తుపెట్టుకోండి" అంది. ఆ ఏడాది మేం వణికిన వణుకు చూసి ఒక ముసలాయన తన శాలువా తెచ్చి కప్పబోయాడు. ఆ పండక్కి బెల్లం రావలసిన ఓడ ఆలస్యమైంది. అరిసెలు లేవు, కొబ్బరి లౌజుతో సరిపెట్టుకున్నాం.

వణుకు నేర్పడం తేలికే. నిన్నా రేపూ నేర్పడానికి మాత్రం ఆవిడకు జీవితమంతా పట్టింది. హిందీలో ఈ రెంటికీ ఒకటే మాట, కల్. పొద్దస్తమానం బడిలో, బజారులో హిందీ మాట్లాడి వచ్చే మాకు తెలుగులో రెండెందుకో అర్థమయ్యేది కాదు. రేపు సెలవని చెప్పడానికి, "పిన్నమ్మా, నిన్న ఛుట్టీ, బీచ్‌కి వెళ్తాం" అనేవాళ్ళం. ఆవిడ కోప్పడేది కాదు. ఇంటి మెట్ల మీద నిలబెట్టేది. వెనక కొండ, ముందు రేవు.

"అయిపోయినవన్నీ వెళ్ళి కొండ మీద కూర్చున్నాయి. రావలసినవన్నీ ఓడలో ఉన్నాయి. కొండవైపు నిన్న, ఓడవైపు రేపు. చెయ్యి చూపించి చెప్పు" అనేది.

ఆ మాట మాకు ఎక్కింది. మరి మాకు ఉల్లిపాయల దగ్గర్నుంచి పెళ్ళికొడుకుల దాకా అన్నీ ఓడలోనే వచ్చేవి. ఇప్పటికీ గోల్ ఘర్ బజారులో దర్జీ "బ్లౌజు కల్ ఇస్తా దీదీ" అంటే, "రేపా?" అంటూ నా చెయ్యి రేవువైపు లేస్తుంది. పెళ్ళయి డెలానీపూర్ వచ్చిన కొత్తలో రేవు ఎటుందో తెలియక రేపు అనడానికే తడబడ్డాను. మా ఆయన ఇప్పటికీ ఏడిపిస్తాడు.

నేను పెద్దదాన్నై తెర లాగే పనిలోకి మారాక ఒక ఏడు గొడవొచ్చింది. చర్చి సంఘపెద్ద వచ్చి, "అక్కా, సగం మంది పిల్లలకు తెలుగు అక్షరాలే రావు. హిందీలో రాసుకుని బట్టీ పడుతున్నారు. వచ్చే ఏటి నుంచి డ్రామా హిందీలో పెట్టేద్దాం, సబ్‌కో సమఝ్ మే ఆతా హై, అందరికీ అర్థమవుతుంది" అన్నాడు.

"ఏడాదంతా హిందీలోనే బతుకుతున్నాం కదయ్యా. ఒక్క పూట తెలుగులో పండగ చేసుకోకూడదా?" అంది పిన్నమ్మ.

"సరే, ఈసారి తప్పుల్లేకుండా చెప్పించండి. తర్వాత చూద్దాం" అన్నాడాయన.

నెలంతా ఆవిడ సరిగా అన్నం తినలేదు. పండగ రోజు అంతా బాగా నడిచింది. చివర్లో పెద్ద కాపరి లేచి, "రేపు తెల్లవారగానే బయలుదేరదాం" అనాలి. వాడు నేర్పినట్టే చెయ్యి ముందుకు చాపాడు. కానీ మా గుడిలో వేదిక మీద నిలబడితే కొండ ఎదురుగా ఉంటుంది, రేవు వీపు వెనక ఉంటుంది. చెయ్యి కొండవైపు ఉందని తోచి, వాడు గట్టిగా "నిన్న తెల్లవారగానే బయలుదేరదాం" అనేశాడు. గుడంతా గొల్లున నవ్వింది. తెర వెనక నా పక్కన స్వెటర్లో చెమటలు కక్కుతున్న పిన్నమ్మ, "ఓడ వెనకుందిరా నాయనా" అంది. వాడు బుద్ధిగా జనానికి వీపు చూపించి, సముద్రం వైపు తిరిగి, "రేపు తెల్లవారగానే బయలుదేరదాం" అన్నాడు.

పిన్నమ్మ తల పట్టుకుంది. ఇక డ్రామా పోయినట్టేనని నాకూ ఏడుపొచ్చింది. సంఘపెద్ద కళ్ళు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. నవ్వి నవ్వి వచ్చిన నీళ్ళు అవి. "హిందీలో అయితే ఈ తప్పు చెయ్యడానికే కుదరదు కదక్కా. తెలుగే ఉండనీ" అన్నాడు. ఆనాటి నుంచి మా గుడిలో ఏ పెద్ద కాపరైనా ఆ మాట జనానికి వీపు చూపించి సముద్రం వైపే తిరిగి చెబుతాడు. కొత్తగా వచ్చిన వాళ్ళకు వింతగా ఉంటుంది.

ఈ ఏడు పెద్ద కాపరి ఒక ఆడపిల్ల, లైనులో చివరింటి పిల్ల. శనివారం పిన్నమ్మ మంచం మీదే కూర్చుని వణుకు నేర్పింది. వెళ్ళేటప్పుడు చెయ్యి రేవువైపు చాపి, "రేపు గుడి అయ్యాక ప్రాక్టీసు" అని అందరికీ చెప్పింది. తెల్లవారేసరికి లేదు.

సోమవారం సమాధుల తోటకు తీసుకెళ్ళాం. అది కొండ మీద ఉంది. మట్టి వేశాక సంఘపెద్ద నా దగ్గరకొచ్చాడు. ఆయనా ముసలాడయ్యాడు. "ఈ ఏటికి ఒక పాటతో బస్, చాలనిపిద్దాం దీదీ. డ్రామా ఎవరు చేయిస్తారు ఇంక" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది. నాకున్న తెలుగూ అంతంతమాత్రమే, ఈ నాలుగు ముక్కలు రాయడానికే ఎన్నిసార్లు కొట్టేశానో.

అప్పుడు ఆ చివరింటి పిల్ల నా కొంగు పట్టుకుని లాగింది. "ఆంటీ, నిన్న ప్రాక్టీస్ ఉందా?" అనడిగింది.

చుట్టూ ఉన్న పెద్దవాళ్ళందరూ ఒక్కసారి తలెత్తారు. ఎవరో దిద్దుతారని అలవాటుగా ఆగారు. దిద్దేవాళ్ళు లేరు. నాకు పిన్నమ్మ మీద చెప్పలేనంత కోపం వచ్చింది, పని సగంలో వదిలేసి ఇలా వెళ్ళిపోతారా ఎవరైనా అని. ఆ కోపంలోనే పిల్లను భుజాలు పట్టి తిప్పాను. కింద రేవు, రేవులో ఓడ.

"ఎటు?" అన్నాను.

పిల్ల ఓడవైపు చెయ్యి చాపింది. "రేపు."

"రేపు ఉంది. పిన్నమ్మ ఇంట్లోనే. అందరూ రండి" అన్నాను, సంఘపెద్దకు కూడా వినపడేలా.

పిన్నమ్మను కొండవైపు ఉంచి మేమందరం ఓడవైపు దిగాం. ఇంటికొచ్చి తీగ మీది స్వెటర్ నేనే తీసి మడతపెట్టాను. రెండు రోజుల ఎండకు అది పెనంలా కాలుతోంది. ఒళ్ళంతా చెమట. ఫ్యాను మాత్రం వెయ్యలేదు.