కప్పు మీద గీత, పెట్టె మీద అక్షరం

సూరత్‌ ఉధ్నాలో ప్లాస్టిక్, గాజు సామాను మీద అచ్చువేసే దూస రాజేశం పన్నెండు రోజుల క్రితం, ఒక మంగళవారం ఉదయం, గుండె ఆగి కన్నుమూశారు. అరవై ఎనిమిదేళ్లు. కోడలు స్వరూప ఫోన్ చేసి, "కాకా, మామ పోయిండు" అంది. మళ్లీ తనే, "నిన్న గూడ మీ ముచ్చటే తీసిండు. ఆదివారం వస్తడేమో, చాయ్‌పత్తా తెచ్చిపెట్టు అన్నడు" అంది. పత్రికలో ఎందరి మరణవార్తలో రాశాను. ఈయనది రాయడానికి మాత్రం ఇన్ని రోజులు పట్టింది.

చిన్న కార్ఖానాల మీద వార్త రాద్దామని వెళ్లినప్పుడు ఆయనను మొదట చూశాను. నేనెవరో అడగకుండానే చేతిలో ఒక గాజు గ్లాసు, గిన్నెలు తోమే స్టీలు పీచు పెట్టారు.

"జర తోముండ్రి సార్."

"నేను పేపరువాణ్ణండీ."

"అయితేంది? పేపరోళ్ల ఇంట్ల గిన్నెలు ఉండయా? మేడం మిమ్ముల ఊకెనే కూసోబెడ్తదా?"

పనివాళ్లంతా నవ్వారు. నేను గట్టిగానే తోమాను. గ్లాసు మీది ఎర్ర పువ్వు చెక్కుచెదరలేదు. "ఇగ చాయ్ తాగుండ్రి" అన్నారు. అక్కడి మర్యాద అది. ఎవరొచ్చినా ముందు పీచు, తర్వాత చాయ్.

రాజేశం సిరిసిల్ల ప్రాంతపు నేతవారి బిడ్డ. మరమగ్గాల మీద పనికి సూరత్ వచ్చి, తర్వాత సలాబత్‌పురాలో చీరల మీద అచ్చు పని నేర్చారు. బిగించిన జాలీ చట్రం లోంచి రంగును చీర మీదికి దించే పని. అందులో చెయ్యి తిరిగాక ఉధ్నాలో ఒక గది అద్దెకు తీసుకుని డబ్బాల మీద అచ్చు మొదలుపెట్టారు. మొదటి పని బడిపిల్లల టిఫిన్ డబ్బాల మీద పేర్లు వేయడం. చీరలను ఆరేసినట్టే డబ్బాలను రెండు రోజులు మేడ మీద ఎండకు పెట్టారు. గుడ్డ పని చేసి వచ్చిన మనిషి మాత్రమే చేయగల పొరపాటు అది. అక్షరాలు మెరిసిపోయాయి. వారం తిరక్కుండా ఒక తల్లి డబ్బా పట్టుకుని వచ్చి, వీధంతా వినేలా, "రాజేశ్‌భాయ్, నామ్ తో దాల్ మేఁ గయా!" అంది. కొడుకు పేరు పప్పులో కలిసిపోయిందట.

ఈ కథ చెప్పేటప్పుడు ఆయనే అందరికంటే ఎక్కువ నవ్వేవారు. చివరికి మాత్రం గొంతు మారేది. "పోరల పేర్లు సార్ అవి. రంగు పోతే మల్ల ఏస్తం. పేరు పోతే ఎట్ల?" ఆ డబ్బాలన్నిటినీ ఇల్లిల్లూ తిరిగి తెచ్చి, పని పూర్తిగా నేర్చుకున్నాక మళ్లీ అచ్చువేసి ఇచ్చారు.

ఆయన నేర్చుకున్నది మంట. "గుడ్డ రంగు తాగుతది. ప్లాస్టిక్ తాగదు. దానికి ముందుగాల దూప పుట్టియ్యాలె" అనేవారు. దూప అంటే దాహం. గ్యాస్ మంట నీలి కొస మీదుగా కప్పును ఒక్క తిప్పు తిప్పి తీస్తారు. తొందరపడితే రంగు అంటదు, ఆలస్యమైతే కప్పు వంకరపోతుంది. తీసిన కప్పును నీళ్లలో ముంచి చూస్తారు. నీళ్లు బొట్లుబొట్లుగా విడిపోతే మంట చాలనట్టు. పలచటి పొరలా అంటుకుని నిలిస్తే సరిపోయినట్టు. ఆ కప్పును పక్కన పెట్టి, అదే మంట మీద మిగతావి తిప్పుతారు. మంట ఎంత పెట్టాలో, చెయ్యి ఎంత వేగంగా తిప్పాలో చెప్పే యంత్రం ఆ గదిలో లేదు. అంతా కన్నే.

మందు సీసాలతో ఇచ్చే కొలత కప్పుల పని వచ్చాక ఆయన మరీ కఠినంగా మారారు. పిల్లలకు కప్పు మీది గీత చూసే మందు పోస్తారు. గీత చెరిగితే తల్లి అందాజుగా పోస్తుంది. అందుకే ప్రతి పెట్టె మూల మీద, ఆ కప్పులకు మంట పట్టిందెవరో వాళ్ల పేరులోని మొదటి అక్షరం తెలుగులో రాసేవారు. తప్పు చేసినవాణ్ణి పట్టుకోవడానికా అని అడిగాను. "తప్పు చేసినోడు ఎట్లైన దొరుకుతడు సార్. మంచిగ చేసినోని పేరే ఎవరికి ఎరుకుండది" అన్నారు.

కొడుకు మరమగ్గాల మెకానిక్. అతనికి ఈ పని పట్టలేదు. పట్టింది స్వరూపకు. మొదటి రోజే పది కప్పులు కరిగించి ఏడ్చిందట. "పదికే ఏడుస్తవేంది? నేను బస్తాలకు బస్తాలు కరగవెట్టిన. ఏడ్చుడైతే నీకంటె ముందు నేనే ఏడ్వాలె" అని మామ ఊరడించారట.

పదకొండో రోజు కర్మ ముగిశాక నేను కార్ఖానాకు వెళ్లేసరికి మందుల కంపెనీ మనిషి జిగ్నేష్‌భాయ్ వచ్చి ఉన్నాడు. దండ వేసిన ఫొటోకు దణ్ణం పెట్టి, మెల్లగా విషయానికి వచ్చాడు. "కాకా కా హాథ్ థా, భాభీ. అబ్ కౌన్ కరేగా?" పెద్దాయన చేతి పని అది, ఇక ఎవరు చేస్తారని. ఆ చెయ్యి లేదు కనుక మిగిలిన కప్పులను కడోదరాలో మరొకరి దగ్గరికి పంపుతానన్నాడు. ఆ పని పోతే గదికి తాళమే. అచ్చు చట్రాల దగ్గరున్న నలుగురు పనివాళ్లూ చేతులు కట్టుకుని నిలబడ్డారు.

స్వరూప వాదించలేదు. "మీరు వాపస్ చేసిన పెట్టె ఏదన్న ఉన్నదా, మొన్నటి మూడు లాట్లల?" అని హిందీలో అడిగింది.

"ఒక్కటీ లేదు."

"వాటి మూలకు ఏం రాసి ఉన్నదో చూసిండ్రా?"

అతను ఫోన్‌లో గోదాం ఫొటోలు వెతికాడు. పాత పెట్టెల మీద ఒక అక్షరం, ఆ మూడు లాట్ల మీద వేరే అక్షరం. "యే నిశానీ క్యా హై?" అని ఆ గుర్తేమిటో అడిగాడు.

"ముందటిది 'రా', మామది. ఇది 'స్వ', నాది. మామ కంట్ల పొర వచ్చినంక నీలిమంట కొస కనవడలే. ఆపరేషన్ దసరా అయినంక అన్నడు. అప్పటిసంది చెయ్యి నాది."

ఆయన తన చూపు తగ్గిన సంగతి బయటివాళ్లెవరికీ చెప్పలేదు, నాకు కూడా. కానీ పెట్టె మీద అబద్ధం రాయలేదు.

జిగ్నేష్‌భాయ్ ఆ రెండు అక్షరాల ఫొటోలనూ మార్చి మార్చి చూశాడు. స్వరూప అతని చేతిలో తాను మంట పట్టిన ఒక కప్పు, పీచు పెట్టింది. అతను నవ్వి, చొక్కా చేతులు మడిచి తోమాడు. గీతలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. మిగిలిన కప్పులు అక్కడే ఉంచి, చాయ్ తాగి వెళ్లాడు.

సాయంత్రానికి కొత్త లాటులో మొదటి పెట్టె నిండింది. ఇంతకాలం ఆ అక్షరాలన్నీ మామే రాసేవారు, వంకరగా, పెద్దగా. ఆ చేతిరాత ఇక ఏ పెట్టె మీదా కనిపించదు. ఆ లోటు తీరేది కాదు. స్వరూప మార్కర్ తీసుకుని ఫొటో వైపు ఒకసారి చూసింది. తర్వాత వంగి, తన అక్షరాన్ని మొదటిసారి తానే రాసుకుంది.