పూజలో పెట్టిన నెట్‌వర్కు పుస్తకం

ఆ రోజుల్లో నా జీతం ఎంత చిన్నదో, నా వెన్ను అంత నిటారుగా ఉండేది. చిత్తూరు దగ్గర ఒకప్పుడు ఏడు పల్లెలు ఏలిన ఇల్లు మాది. నా వంతుకు మిగిలింది ఇంటిపేరూ, ‘ఎవర్నీ ఏదీ అడగొద్దు’ అన్న అవ్వ మాటా. అందుకే తిరుపతిలో ఒక లాడ్జిలో కంప్యూటర్లు చూసుకునే పనిలో చేరగానే, మొదటి జీతంలో సగానికి పైగా పోసి నెట్‌వర్కుల మీద ఇటుకంత పుస్తకం కొన్నాను. లాడ్జి ఎలక్ట్రీషియన్ (అందరికీ వైరు మామ) దాన్ని చేత్తో ఎత్తి చూసి, "ఏం దొరా, తలకింద పెట్టుకునేదానికా? ఇదంతా ఫోన్లోనే ఉండాది కదప్పా!" అన్నాడు. "ఫోన్ను అడగడం కూడా అడగడమే మామా," అన్నాను. (ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.)

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. ఎవరి పనిముట్లు వాళ్లు తుడిచి, గంధం, కుంకుమ పెట్టి పూజలో ఉంచాలి, మరునాటిదాకా ముట్టకూడదు. మామ స్క్రూడ్రైవరూ కటింగు ప్లేయరూ పెట్టాడు. నా ఆయుధం పుస్తకమే కాబట్టి దాన్ని వాటి పక్కనే దర్జాగా నిలబెట్టాను. అంతకుముందే, వైర్లన్నీ వచ్చి కలిసే నెట్‌వర్కు పెట్టెను నేనే శుభ్రంగా తుడిచాను. హారతి చల్లారకముందే కౌంటర్లో కంప్యూటర్లన్నీ బిగుసుకుపోయాయి. కొండ దిగివచ్చిన యాత్రికులు గుండ్లకు గంధం పూసుకుని బారులు తీరారు. ఒక్క గది ఇవ్వడానికి లేదు. "గంటలో బాగుచెయ్యకపోతే నీ పుస్తకం ఎత్తుకోని ఇంటికి పో నాయనా," అన్నాడు ఓనరు. "ఫోన్లో సూడు దొరా, నా మాట విను," అని మామ బతిమాలాడు. నేను పూజపీట దగ్గరికే నడిచాను. "పూజలో పెట్టింది ముట్టగూడదప్పా!" ఓనరు కేక. "ఆయుధం యుద్ధానికి కాకపోతే ఇంకెందుకు సార్?" అని పుస్తకం తీశాను. (గొంతులో తాతల పౌరుషం పలికిందనుకున్నాను; చేతులు మాత్రం ముందే పీటకు దణ్ణం పెట్టేశాయి.)

కుంకుమ రాలుతుండగా పేజీలు తిప్పితే ఒక బొమ్మ దగ్గర వేలు ఆగింది. ఒకే వైరు రెండు కొసలూ ఒకే పెట్టెకు గుచ్చితే, సమాచారమంతా గానుగెద్దులా అక్కడక్కడే తిరిగి దారి మూసేస్తుందట. పరుగెత్తి చూస్తే సరిగ్గా అదే! పొద్దున తుడుస్తూ, ఒక కొస వేలాడుతుంటే చూడ్డానికి బాగాలేదని, కనబడిన ఖాళీలో దాన్ని గుచ్చిన మహానుభావుణ్ణి నేనే. పీకేశాను. కంప్యూటర్లు మేలుకున్నాయి.

"ఆ వైరు ఆడ గుచ్చినోడు ఎవుడు?" అన్నాడు ఓనరు.

"నేనే. తీసిందీ నేనే," అన్నాను, వెన్ను వంచకుండా.

మామ పడీపడీ నవ్వాడు. "తప్పూ నీదే, పుస్తకమూ నీదే! ఇంత దర్జా ఏ జమీందారు చేసినాడప్పా?"

ఈమధ్య నా దగ్గర పనిలో చేరిన అమ్మాయి ఈ కథంతా విని, "సార్, ఆ పుస్తకం కొనొచ్చా?" అని అడిగింది. "కొనమ్మా," అని ఆ బొమ్మ చూపించడానికి కళ్లద్దాలు వెతుక్కునేలోగా, అదే బొమ్మ తన ఫోన్లో తెరిచి, "ఇదేనా సార్?" అంది. "ఇదే. అయినా కొను," అన్నాను. ఆ అమ్మాయి వెళ్లాక నా పుస్తకంలో ఆ పేజీ తీశాను. అంచు మీద కుంకుమతో పడ్డ బొటనవేలి ముద్ర ఇంకా ఎర్రగానే ఉంది. నా వేలు దాని మీద పెట్టి చూశాను. పట్టలేదు, అప్పటి వేలు సన్నం.