చదివాకే సంతకం

ఆ రోజుల్లో నాకు లేనిది ఉద్యోగం ఒక్కటే. ఇంగ్లీషు వచ్చన్న గర్వం మాత్రం కావలసినంత ఉండేది. బీఏ ఇంగ్లీషు ముగించి మద్రాసు చూలై పేటలో మా ఇంట్లో ఊరికే కూర్చున్న నన్ను మా అత్త అంబత్తూరులో ఒక లేడీస్ హాస్టల్‌కి తరిమింది. శ్రీకాకుళం నుంచి వచ్చి బట్టల కంపెనీలో కుట్టుపని చేసే ఆడవాళ్ళు పన్నెండుమందికి ఆదివారం పొద్దున మేడమీద ఇంగ్లీషు నేర్పాలట. మొదటిరోజు దర్జాగా "అందరూ ఆడ ఉక్కారండి" అన్నాను. ఒక్కరూ కూర్చోలేదు. (అది అరవమాటని నాకు అప్పటిదాకా తెలీదు. మా ఇంట్లో అదే తెలుగు.) చేత్తో సైగ చేసి కూర్చోబెట్టి, "దిస్ ఈజ్ ఎ క్యాట్" అని మొదలుపెట్టాను. వాళ్ళంతా పెద్దక్క అని పిలిచే ఆవిడ చెయ్యెత్తింది.

"పిల్లితో మాకేటి పని టీచరమ్మా? సూపర్‌వైజరు ఇంగ్లీషు కాయితాలు తెచ్చి సంతకం ఎట్టీమంటాడు. అందులో ఏటుందో మాకు తెల్దు. ముందు సదువుతామని ఎలగ సెప్పాల?"

పిల్లి పాఠం అంతటితో సరి. "ఫస్ట్ ఐ విల్ రీడ్" అని బోర్డుమీద రాశాను. పన్నెండు గొంతులూ కలిసి అరిస్తే కిందనుంచి వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు.

మూడోవారం ఆ సూపర్‌వైజరే కాగితాల కట్టతో మేడెక్కాడు. "జస్ట్ ఫార్మాలిటీ మేడమ్, సాక్షిగా మీరూ ఒకటి పెట్టండి" అని నాకు పెన్ను అందించాడు. నన్ను మేడమ్ అన్న మొదటి మనిషి ఆయనే. (సిగ్గుతో చెబుతున్నాను, మొదటి అక్షరం రాసేశాను కూడా.) పెద్దక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"టీచరమ్మా! ఫస్ట్ యూ విల్ రీడ్!"

చదివాం. మాడ్చేసే ఎండలో, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ. ఇకమీద ఆదివారాలు కూడా 'వాలంటరిలీ' పనికొస్తామని అందులో ఉంది. "వాట్ మీనింగ్ సార్?" అంది పెద్దక్క. ఆయన మొహం తుడుచుకున్నాడు. నేనే చెప్పాను: "ఎవరూ బలవంతం చెయ్యకుండా, మీ ఇష్టంతో అని."

"మాకిష్టం నేదు. నో సైన్!" అందావిడ. వెనక పదకొండుమందీ అందుకున్నారు. కాగితాలు వచ్చినవి వచ్చినట్టే కిందికి దిగిపోయాయి. హాస్టల్ కూడా కంపెనీదే కాబట్టి, మరుసటి ఆదివారం మేడ తలుపుకి తాళం పడింది. మేం మెట్లమీదే కూర్చుని, వీధి మొత్తం వినేలా, ఏడాదిపాటు పాఠం చెప్పుకున్నాం.

సంతకాలు తప్పించుకున్న ఆ రోజు ఇంటికెళ్ళి, "వాళ్ళకి ధైర్యం నేర్పించినా అత్తా" అని గొప్పలు పోయాను. ఎవరు ఎవరి చెయ్యి పట్టుకుని ఆపారో మాత్రం చెప్పలేదు. ఇప్పుడు ఆ ఇరవైరెండేళ్ళ పిల్లని తలుచుకుంటే మందలించాలనే అనిపిస్తుంది. కానీ అంత మురిసిపోతున్నదాన్ని ఏమంటాం, నవ్వి ఊరుకుంటాను.