మార్కులు మింగింది మా మాస్టారు కాదు

మా కంప్యూటర్ మాస్టారు పోయారు. తెనాలిలో నా రిపేరు కొట్లో ఎవరిదో ప్రింటర్ విప్పుకుని కూర్చుని ఉండగా, రేపల్లె నుంచి వారి భార్య ఫోన్ చేశారు. "ఒరేయ్, మీ మాస్టారు పోయార్రా. ఇది హాస్యం కాదు. బయల్దేరి రా" అన్నారు. నా సంగతి అమ్మగారికి బాగా తెలుసు. మాస్టారికి సన్మానం చేయడానికి మంత్రిగారు ఇంటికొస్తున్నారని గొంతు మార్చి ఫోన్ చేసి, ఆవిడ చేత ముప్పై గారెలు వండించిన ఘనుణ్ణి నేను.

చదువుకున్నవాళ్లు ఇలాంటివి కన్నీళ్లతో రాస్తారట. నేను కసితో రాస్తున్నాను. పెద్దకర్మ నాడు బాపట్ల నుంచి ఒక కాలేజీ కరస్పాండెంట్ కారులో దిగాడు. మాస్టారి ఫొటో మొత్తం మునిగిపోయేంత దండ వేశాడు. వేసి, భోజనాలకు కూర్చోబోతున్న జనం మధ్య నిలబడి, "దేవుడులాంటి మనిషండి. పాపం, ఆయన ప్రోగ్రామ్ మా పిల్లల మార్కులు మింగెయ్యడం ఒక్కటే మచ్చ. నేనైతే ఏనాడో క్షమించేశాను" అన్నాడు. క్షమించేశాడట! జనం తలలూపారు. అమ్మగారు తల దించుకున్నారు. ఆ దించుకున్న తల కోసమే ఇదంతా మీకు చెబుతున్నాను.

తెనాలిలో స్టీలు సామాన్ల కొట్టు మీద మేడగదిలో మాస్టారు పాఠం చెప్పేవారు. రోజూ రేపల్లె నుంచి పాసింజర్లో వచ్చేవారు. నేను ఇంటర్ తప్పి, ఇంట్లో తిట్లు తప్పించుకోవడానికి చేరాను. ఆయన భుజం మీద చీరాల తువ్వాలు ఉండేది. తెర మీద వేలు పెట్టి చూపించడం, ఆ వేలి మచ్చను తువ్వాలుతో తుడవడం, మళ్లీ అక్కడే వేలు పెట్టడం.

పెద్ద పని చెప్పినప్పుడు కంప్యూటర్ తెర మీద మెల్లగా నిండుతూ ఉంటుందే, ప్రోగ్రెస్ బార్, ఆ పచ్చ పట్టీ మీద ఆయనకున్న పట్టింపు మగపెళ్లివారికి కూడా ఉండదు. "ఒక్కో పేరు లోపల భద్రంగా పడ్డాకే పట్టీ కదలాలి. ముందే కదిలిందా, అది పట్టీ కాదు, బొంకు" అనేవారు. "ఎంత మిగిలిందో నీకే తెలీనప్పుడు తెలీదని చెప్పు. ఎదురుచూసేవాడు పోయి టీ తాగొస్తాడు. తొంభై తొమ్మిది దగ్గర నిలబెట్టి ఉసురు పోసుకోకు."

నేను ఊరుకుంటానా? వందకు నిండి, మళ్లీ వెనక్కి నడిచే పట్టీ ఒకటి తయారుచేసి ఆయన కంప్యూటర్లో పెట్టాను. క్లాసంతా ఒకటే నవ్వు. ఆయన కోప్పడలేదు. కింద కుళాయి నుంచి బిందెడు నీళ్లు పట్టుకు రమ్మన్నారు. నిండు బిందెతో ఆఖరి మెట్టు ఎక్కానో లేదో, గుమ్మంలో నిలబడి, "వంద అయింది కదా. ఇప్పుడు వెనక్కి నడు" అన్నారు. అలా మూడుసార్లు ఎక్కించి, మూడుసార్లు దింపారు.

"కాళ్లు ఏమంటున్నాయిరా?"

"తిడుతున్నాయి మాస్టారూ."

"ఎవర్ని?"

"ఆ పట్టీ రాసిన వెధవని."

అప్పుడు నవ్వారు. కక్ష తీర్చుకోవడంలో కూడా నాకు ఆయనే గురువు.

ఇక బాపట్ల సంగతి. ఆ కాలేజీకి మార్కుల ప్రోగ్రామ్ మాస్టారే రాశారు. తోడుగా నన్ను తీసుకెళ్లారు. గుమాస్తాలు టైపు చేసిన మార్కులన్నీ ఆఫీసులోని పెద్ద కంప్యూటర్లోకి ఎక్కడానికి పావుగంట పట్టేది. పట్టీ కూడా నిజాయితీగా పావుగంట నడిచేది.

"ఏంటండీ ఇది, ఎద్దుబండిలాగా? రేపు తల్లిదండ్రులు చూస్తారు. నిమిషంలో నిండాలి" అన్నాడు కరస్పాండెంట్.

"పట్టీని పరిగెత్తిస్తే పని పరిగెత్తదండి" అన్నారు మాస్టారు.

ఆయన టీకి వెళ్లగానే కరస్పాండెంట్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఏం అబ్బాయ్, మీ మాస్టారికి చేతకాదులే. నీకొచ్చా?"

నాకా రాదు? పైగా బిందె కక్ష ఒకటి మిగిలే ఉంది. పట్టీని పని నుంచి విప్పి గడియారానికి కట్టాను. లోపల పని అయినా కాకపోయినా, నిమిషానికి నిండి "పూర్తయింది" అంటుంది. అది చూసి మాస్టారి మొహం ఎలా మారుతుందో చూడాలని నా సరదా.

మర్నాడు హాలు నిండా జనం. పట్టీ నిమిషంలో నిండింది. చప్పట్లు. "చూశారా మా కాలేజీ స్పీడు!" అంటూ కరస్పాండెంట్ తన చేత్తోనే స్విచ్ కట్టేశాడు. వెనక వరసలోంచి మాస్టారు "ఆపకండి!" అని అరిచేసరికే తెర నల్లబడింది. సగం మంది పిల్లల మార్కులు పోయాయి.

కరస్పాండెంట్ తడుముకోలేదు. "ఇదిగో, ఈయనగారు రాసిన ప్రోగ్రామే!" అని అందరి ముందూ వేలెత్తి చూపించాడు. మార్చమన్నది ఎవరో వాడికి తెలుసు. మార్చింది ఎవరో నాకు తెలుసు. ఇద్దరం నోరు విప్పలేదు. మాస్టారు నావైపు ఒక్కసారి చూశారు. జవాబు పత్రాల కట్టలు తెప్పించుకుని, మూడు రోజులు కూర్చుని మార్కులన్నీ మళ్లీ ఎక్కించారు.

మూడో రోజు బాపట్ల స్టేషన్లో, "నేనే మాస్టారూ" అన్నాను.

"తెలుసురా. నీ పనితనం నేను గుర్తుపట్టనా?"

"మరి చెప్పలేదేం?"

"చెబితే నీకెవడు పనిస్తాడు? నీ కాళ్ల మీద నువ్వు నిలబడ్డాక నువ్వే చెప్పు."

నిలబడ్డాను. కొట్టు పెట్టాను, పెళ్లి చేసుకున్నాను, పొట్ట పెంచాను. చెప్పలేదు. ఆయన్ని మళ్లీ ఏ కాలేజీ పిలవలేదు. రేపల్లెలో దస్తావేజులు టైపు చేసుకుంటూ బతికారు. నేను వెళ్లినప్పుడల్లా కాఫీ ఇచ్చారు గానీ, ఆ ఊసు ఒక్కనాడూ ఎత్తలేదు.

అందుకే పెద్దకర్మ నాడు వాడు క్షమ పంచిపెడుతుంటే ముందు వాడి చెప్పులు తీసుకెళ్లి దొడ్లో పడేశాను. తర్వాత జనం మధ్యకొచ్చి, "మార్కులు పోగొట్టింది నేనండి. పట్టీ చేత అబద్ధమాడించమన్నది ఈయన. స్విచ్ కట్టేసింది ఈ చెయ్యి" అని వాడి చెయ్యి పట్టుకుని పైకెత్తి చూపించాను.

"కర్మ భోజనాల దగ్గర ఏంటయ్యా ఈ గోల!" అని వాడు చెయ్యి లాక్కున్నాడు. విస్తరి ముట్టలేదు. చెప్పుల కోసం రెండు నిమిషాలు వెతికి, మిట్టమధ్యాహ్నం ఎండలో కారు దాకా గెంతుకుంటూ పోయాడు. నా కడుపు చల్లబడింది.

మెచ్చుకుంటారని అమ్మగారి వైపు తిరిగాను.

"ఆయన నాక్కూడా చెప్పలేదురా" అన్నారు ఆవిడ. "నేనూ ఆయనే పోగొట్టారనుకున్నాను. ఇన్నేళ్లూ, పప్పులో ఉప్పెక్కువైందని ఆయనంటే చాలు, మీరు మార్కులు పోగొట్టలేదా అనేదాన్ని."

నన్ను తిట్టినా బాగుండేది.

మూడు దాటాక జనమంతా వెళ్లిపోయారు. వెళ్లొస్తానని చెబుదామని లోపలికి తొంగిచూశాను. అమ్మగారు మాస్టారి మంచం పక్కన కింద కూర్చుని, ఖాళీ పరుపు వైపు తిరిగి మెల్లగా ఏదో చెబుతున్నారు. గుమ్మం దాకా వినబడలేదు. ఒక్కో మాట తర్వాత ఆగుతున్నారు, ఆయన బదులివ్వడానికి వ్యవధి ఇస్తున్నట్టు.