బస్సు వెనక కట్టుకునేది

యాంగోన్ రేవులో అవతలి ఒడ్డుకు పోయే ఫెర్రీ కోసం కూర్చున్నాను. నది మీద పల్చటి మంచు. తెల్లటి పక్షులు అందులోంచి తేలివచ్చి, మళ్ళీ అందులోనే కలిసిపోతున్నాయి. నా పక్కన ఒక ముసలి జంట తెలుగులో వాదించుకుంటున్నారు.

వాళ్ళ మాటల్ని బట్టి, ఆయన బస్సు డ్రైవరుగా పనిచేసి మానేశాడు. పాత బస్సు ఒకటి కొని, మంచం, పొయ్యి అమర్చి ఇల్లుగా మార్చుకున్నాడు. ఇక ఇద్దరూ అందులోనే ఊళ్ళు తిరగాలని ఆయన కోరిక. బస్సు సందుల్లోకి పోదు, ఆమె మోకాళ్ళు నడవనివ్వవు. అందుకని వెనక కట్టుకుపోవడానికి అవతలి ఒడ్డున ఒక చిన్న కారు చూడబోతున్నారు.

"కారైతే నాను రాను. సైకా కట్టు," అందామె.

సైకా అంటే అక్కడి రిక్షా. తొక్కేవాడి పక్కనే సీటు ఉంటుంది.

"ఈ వయసులో నన్ను తొక్కమంటావేటే?"

"స్టీరింగు పడితే నీకు నాను కనపడను. ఏటడిగినా, ఉండు, బండి నడుపుతున్నానంటావు. పెళ్ళయిన కాడి నుంచి అదే మాట. తొక్కితే మెల్లిగా ఎల్తావు, మాటాడతావు."

"ఆయాసమొస్తాదే."

"ఆపు. టీ తాగుదాం."

"వానొస్తే?"

"గొడుగు నాను పడతాను."

ఆయన నావైపు చూసి, "సూసారా బాబూ," అన్నాడు. గొంతులో కోపం లేదు.

ఫెర్రీ కూత వేసింది. అందరితోపాటు నేనూ లేచి ఎక్కాను. వాళ్ళు లేవలేదు. పడవ కదిలాక వెనక్కి చూశాను. మంచు కమ్మేదాకా ఆమె ఏదో చెబుతూనే ఉంది, ఆయన తల వంచి వింటున్నాడు.