డాక్టరు వేషం

చిన్నప్పుడు నడుస్తుంటే నా పాదాలు లోపలికి తిరిగేవి. మేము కాలిఫోర్నియాలోని శాన్ రామన్ వచ్చిన కొత్తలో, నాకు ఏడేళ్ళప్పుడు, పిల్లల డాక్టరు నన్ను గదిలో అటూ ఇటూ నడిపించి చూశాడు. మందులేమీ అక్కర్లేదు, కావాలంటే బ్యాలే క్లాసులో చేర్పించండి అని అమ్మకు చెప్పాడు. అమ్మ దాన్ని మందుచీటీలాగే తీసుకుంది. ఆ వారమే చేర్పించింది. తెలిసినవాళ్ళు "అదేంటండీ, కూచిపూడి ఉండగా?" అని అడిగితే, "కాళ్ళ కోసం" అని ఊరుకునేది.

కాళ్ళు కొన్నాళ్ళకే సర్దుకున్నాయి. నేను మాత్రం మానలేదు. హైస్కూల్‌కి వచ్చేసరికి శాన్‌ఫ్రాన్సిస్కోలో మంచి బ్యాలే స్కూల్లో చోటు దొరికింది. అమ్మ ఆఫీసు నుంచి తొందరగా బయటపడి నన్ను అంతదూరం తీసుకెళ్ళేది. బ్రిడ్జి మీద కార్లు ఆగిపోయినప్పుడు నాచేత తెలుగు కథలు పైకి చదివించేది. తప్పు చదివితే ముందున్న కారును చూస్తూనే సరిదిద్దేది. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ ట్రాఫిక్ చలవే.

బ్యాలే నాకు నేర్పినవాటిలో పెద్దది, నొప్పిని ముఖం మీదకు రానివ్వకపోవడం. బొటనవేలి గోరు ఊడి షూ లోపల నెత్తురు చెమ్మగా తగులుతున్నా పెదవి వణకకూడదు. అలా పెరిగి ఒక బ్యాలే కంపెనీలో చేరాను. రెండో ఏడు రిహార్సల్‌లో ఎగిరి కిందకు దిగుతుండగా ఎవరో వెనకనుంచి మడమ మీద తన్నినట్టయింది. తిరిగి చూశాను. ఎవరూ లేరు. మడమ వెనక నరం తెగింది. ఆపరేషన్ తర్వాత నడక వచ్చింది గానీ, ఆ ఎగరడం మళ్ళీ రాలేదు.

ఇంటికి వచ్చి తలుపు వేసుకుని పడుకున్నాను. అమ్మ ఓదార్చలేదు. మంచం అంచున కూర్చుని, "ఇప్పుడేం చేద్దాం?" అంది. ఏం చేస్తావని అడగలేదు. చేద్దాం అంది.

తెలిసిన టీచర్ ఒకావిడ చెబితే లాస్ ఏంజిలిస్ వెళ్ళి టీవీ సీరియళ్ళ ఆడిషన్లకు తిరిగాను. మందుల షాపులో అమ్మాయిగా, ల్యాబ్‌లో అమ్మాయిగా ఒకటి రెండు మాటల వేషాలు వేశాక, ఒక ఆసుపత్రి సీరియల్‌లో డాక్టరు వేషం దొరికింది. ఒక్క ఎపిసోడ్‌కని తీసుకున్నవాళ్ళు ఏళ్ళ తరబడి ఉంచేసుకున్నారు. నేను నిటారుగా నిలబడే తీరు, కదలని ముఖం వాళ్ళకు నచ్చాయి. చెడ్డ వార్త చెప్పే సీన్లన్నీ నాకే రాసేవారు. పేషెంటు తాలూకు వాళ్ళ ఎదుట నిలబడి, "అయామ్ సో సారీ" అని, ఒక క్షణం ఆగి, మిగతాది చెప్పేదాన్ని.

అమ్మ ఒక్క ఎపిసోడ్ కూడా వదిలేది కాదు. చూసిన వెంటనే ఫోన్ చేసేది.

"అతన్ని నిలబెట్టి చెప్పేశావేంటే? పాపం, కూర్చోమనొద్దూ?"

"స్క్రిప్ట్‌లో అలా ఉందమ్మా."

"స్క్రిప్ట్ రాసినవాడికి తల్లి లేదా?"

ఆ తర్వాత అమ్మకు ఆకలి పోయింది. కళ్ళు పచ్చబడితే కామెర్లేమో అనుకున్నాం. స్కాన్లు తీశారు. ఫలితం చెప్పడానికి వచ్చిన డాక్టరు కుర్రవాడు. నన్ను గుర్తుపట్టి తడబడ్డాడు. "మా అమ్మ మీ షో చూస్తుంది" అని, అనకూడని మాట అన్నట్టు తల దించుకున్నాడు. ఆ పైన చెప్పాల్సింది చెప్పాడు. పాంక్రియాస్‌లో క్యాన్సర్, లివర్‌కి పాకింది. కాసేపు మమ్మల్ని వదిలి బయటకు వెళ్ళాడు.

నాన్న గోడకేసి చూస్తూ కూర్చున్నారు. అమ్మ నావైపు తిరిగింది.

"ఇప్పుడు నువ్వు చెప్పు."

"విన్నావు కదమ్మా."

"విన్నాను. ఇంగ్లీష్‌లో చెబితే ఆఫీస్ మీటింగ్‌లో ఎవరి గురించో మాట్లాడినట్టుంది. తెలుగులో చెప్పు."

అన్నేళ్ళు చెప్పిన మాటల్లో ఒక్కటీ అక్కరకు రాలేదు. మా ఇంట్లో ఒకరికొకరం సారీ చెప్పుకోవడం కూడా లేదు. "తగ్గదటమ్మా" అన్నాను. ఆ గొంతు నాదిలా లేదు, చిన్నపిల్లదిలా ఉంది. నా ముఖం నా మాట వినలేదు. అమ్మ నన్ను దగ్గరకు లాక్కుని వీపు నిమిరింది. "సరేలే, తెలిసింది" అంది. అప్పుడు నాన్న ఏడ్చారు.

షూటింగ్‌కు సెలవు పెట్టి ఇంటికి వచ్చేశాను. సెలవు పొడిగించమంటే వాళ్ళకు కుదరలేదు. నా డాక్టరు పాత్ర షికాగోలో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయినట్టు ఒక నర్సుచేత ఒక్క మాట అనిపించి నా కథ ముగించేశారు. అది అమ్మ పక్కన దిండుకు ఆనుకుని నేనూ చూశాను.

"ఇన్నేళ్ళు చేస్తే ఇంతేనా? ఒక్క కేక్ అయినా కట్ చెయ్యలేదు!" అంది అమ్మ. తన జబ్బు మీద కూడా అంత కోపం తెచ్చుకోలేదు. తర్వాత చూడ్డానికి వచ్చిన ఆంటీలందరికీ అదే చెప్పింది.

వసంతంలో ఒక మధ్యాహ్నం, నాన్న వంటింట్లో కాఫీ కలుపుతుండగా, అమ్మ పోయింది. ఆ ఘట్టం నేనెన్నిసార్లు నటించానో. మెషీన్ల చప్పుడు, పరుగెత్తే నర్సులు, ఎవరో ప్రాణం పోయిన టైమ్ చెప్పడం. ఇక్కడ అవేమీ లేవు. ఒక ఊపిరి తీసుకుంది. ఇంకొకటి వస్తుందని చూస్తూ కూర్చున్నాను. నాన్న రెండు కప్పులతో లోపలికి వచ్చి నా ముఖం చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

తర్వాత డాక్టరు వేషాలు వచ్చాయి, వద్దన్నాను. కొన్నాళ్ళకు రావడం మానేశాయి. ఇప్పుడు నాకు నలభై దాటింది. తల్లి వేషాలు వస్తున్నాయి, అవీ అప్పుడప్పుడూ. పోయిన ఏడాది ఒక సీరియల్‌లో ఇండియా నుంచి వచ్చిన తల్లిగా చేశాను. కాలేజీ మానేస్తానన్న కూతురితో గొడవపడే చిన్న సీన్. నేను అనుకుని చేసింది కాదు గానీ, కోపంలో మాట మధ్యలో మింగడం, చేతులకు తడి లేకపోయినా చీరకు తుడుచుకోవడం, అంతా అమ్మే.

అది వచ్చిన రోజు నాన్న దగ్గరే ఉన్నాను. సీన్ అయిపోగానే ఆయన రిమోట్ తీసుకుని వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టారు.

"ఇంకొకసారి చూస్తానమ్మా. నువ్వు వెళ్ళి కుక్కర్ పెట్టు," అన్నారు.

లేచి వెళ్ళి బియ్యం కడిగాను.